ఎవాంథియా కుస్తీ ఉపవాసం

పెరామా రేవులో పంటు దిగినవాళ్ళకు మొదట ఎదురయ్యేది ఎవాంథియా బడ్డీ. సిగరెట్లు, పేపర్లు, పిప్పరమెంట్లు, మొదటి గాలికే తిరగబడే గొడుగులు, వాటన్నిటి మధ్య ఒక చిన్న కిటికీ, ఆ కిటికీలో ఆవిడ మొహం. సలమీనా దీవి నుంచి వచ్చేవాళ్ళూ, ఓడల మరమ్మతు యార్డుకు పోయేవాళ్ళూ అక్కడ ఆగకుండా వెళ్ళరు. ఆగినవాళ్ళు నోరు విప్పకుండా వెళ్ళరు. ఎవరి అల్లుడు ఉద్యోగం మానేశాడు, ఏ ఓడ ఎప్పుడు యార్డుకొస్తుంది, ఎవరి మోకాలు ఆపరేషన్ దాకా వచ్చింది, అన్నీ ఆ కిటికీలోంచి లోపలికి వెళతాయి. చాలావరకు బయటికి రావు.

అలాంటి చోట కూచున్న మనిషి ఏటా ఒక వారం ఒకే ఒక్క సంగతి తన చెవిన పడకుండా కాచుకోవాలి. అమెరికాలో జరిగే పెద్ద కుస్తీ పోటీలో ఎవరు గెలిచారన్న సంగతి. పెరామాలో ఇంతకంటే కష్టమైన పని చేసే మనిషిని నేను చూడలేదు. ఓడ కడుపు కింద వెల్లకిలా పడుకుని వెల్డింగ్ చేసేవాళ్ళను కూడా లెక్కలోకి తీసుకునే ఈ మాట అంటున్నాను.

తెలియనివాళ్ళు దీన్ని భక్తి అనుకుంటారు. ఆ పోటీ వసంతంలో వస్తుంది, తరచు క్రీస్తు తిరిగి లేచిన పండగ పాస్కాకి ముందు వచ్చే మా పెద్ద వారంలోనే పడుతుంది. పెద్ద వారంలో ఎవాంథియా టీవీ చూడదు. వాళ్ళమ్మ ఆ వారం రేడియో మీద నల్లగుడ్డ కప్పేది. ఈవిడ టీవీ మీద కప్పుతుంది. ఊళ్ళో మిగిలినవాళ్ళు మాంసమూ పాలూ మానేసి, రొయ్యలూ ఆక్టోపస్సూ పళ్ళేలకు పళ్ళేలు లాగించి, ఉపవాసం చాలా కఠినంగా జరిగిందని చెప్పుకుంటారు.

"నాకసలు మాంసం మీద పెద్ద ఇష్టం లేదు," అంటుంది ఎవాంథియా. "ఇష్టంలేనిది మానేస్తే ఉపవాసం ఎలా అవుతుంది? నాకిష్టమైంది కుస్తీ. అదే మానేస్తా."

మానేయడమంటే చూడకపోవడం ఒక్కటే కాదు, తెలియకపోవడం కూడా. పాస్కా ఆదివారం, చువ్వ మీద గొర్రెపిల్ల తిరిగి తిరిగి ఎర్రబడ్డాక ఆవిడ గుడ్డ తీస్తుంది. అప్పుడు ఆ పోటీ ఆ నిమిషంలో ఆవిడ కోసమే జరుగుతున్నట్టు ఉండాలి. అంతకుముందు ఎవరైనా ఒక్క మాట జారితే ఏడాదంతా ఎదురుచూసింది పాడైపోయినట్టే.

ఈ పట్టుదల వాళ్ళ నాన్న దగ్గర మొదలైంది. ఆవిడ చిన్నప్పుడు ఈ రకం కుస్తీని మా దగ్గర కాచ్ అనేవాళ్ళు. వేసవి సాయంత్రాలు ఫుట్‌బాల్ మైదానం నడుమ రింగు కట్టేవాళ్ళు. జనం గుమ్మడిగింజలు కొరుక్కుంటూ, తొక్కలు ముందువాడి కాలర్లోకి ఊస్తూ చూసేవాళ్ళు. నాన్నది సలమీనాలో పడవల పని. చెక్కల సందుల్లో నార కూరి తారు పూసేవాడు. ఒకరోజు ఎనిమిదేళ్ళ కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని పిరయస్‌లో కాచ్‌కి తీసుకెళ్ళాడు. ఆరోజు ఆఖరి పోటీ కెరాత్సినీ కసాయి అనేవాడికీ ముసుగు దొర అనేవాడికీ. ఇద్దరూ తాళ్ళ మీద నుంచి జనంలోకి పడి, మళ్ళీ లేచి, మళ్ళీ పట్టు పట్టిన సమయంలో నాన్న గడియారం చూసుకున్నాడు. ఆఖరి పంటు వెళ్ళిపోతుంది. పిల్లను ఎత్తుకుని పరుగెత్తాడు.

పంటు మీద నాన్న, కసాయి గెలిచి ఉంటాడన్నాడు. కూతురు, ముసుగు దొర అంది. మర్నాడు ఎవర్నడిగినా తెలిసిపోయేది. ఇద్దరిలో ఎవరూ అడగలేదు. అడిగితే ఒకరు ఓడిపోవాలి. ఆవిడ పెళ్ళై పెరామా వచ్చి బడ్డీ పెట్టాక కూడా, ముసలాయన భోజనం గిన్నె పట్టుకుని పంటు మీద వచ్చి, కిటికీ పక్కన స్టూలు మీద కూలబడి, "కసాయి పట్టు పడితే వదిలే రకం కాదే," అని మొదలెట్టేవాడు. "ముసుగు దొరని పట్టుకోవాలి కదా ముందు," అనేది ఈవిడ లోపల్నుంచి. రేవంతా వినేది. ఆయన పోయేదాకా ఆ పోటీ నడుస్తూనే ఉంది.

పాత పేపర్లు దాచిన గ్రంథాలయంలో వెతికితే ఫలితం దొరుకుతుందని ఒకసారి నేను నోరు జారాను.

"వెతికావంటే నీకు ఇక పేపరు అమ్మను," అంది.

అనే మనిషే కాదు, చేసే మనిషి. నేను వెతకలేదు.

ఇక మేస్త్రీ సంగతి. అమెరికాలో అతనికి ఇంకేదో పేరుంది, పెరామాలో ఎవరూ దాన్ని పలకరు. వెల్డింగ్ ముసుగు తగిలించుకుని రింగులోకి వచ్చే కుస్తీవాడు. ఇరవై ఏళ్ళుగా అతని మొహం ఎవరూ చూడలేదు. వెల్డర్ల ఊళ్ళో అలాంటివాడికి ఏ పేరు పెడతారు? మా యార్డు మొత్తం అతన్ని సొంతవాణ్ణి చేసుకుంది. ఈ ఏడాది మేస్త్రీ ఒక షరతు ఒప్పుకున్నాడు. యువరాజు అనిపించుకునే ఒక కుర్ర కుస్తీవాడితో పోటీ. ఓడిపోతే రింగు మధ్యలో ముసుగు తీసేసి, కుస్తీ మానేసి ఇంటికి పోవాలి. ఆ పోటీ సరిగ్గా మట్టల ఆదివారం రాత్రి పడింది. అక్కడ రాత్రంటే మాకు సోమవారం తెల్లవారుజాము. అంటే ఎవాంథియా పెద్ద వారం మొత్తం, బడ్డీ కిటికీలో కూచుని, తనకు అన్నిటికంటే ఇష్టమైన మనిషికి ఏమైందో తెలియకుండా ఉండాలి.

బడ్డీకి ఎదురుగా సరాందోస్ కాఫీ కొట్టు. సరాందోస్‌కి డెబ్బై దాటాయి. ఊళ్ళో దేన్నీ నమ్మని మనిషి. డాక్టర్లని నమ్మడు, వాతావరణ వార్తల్ని నమ్మడు, కుస్తీని అసలు నమ్మడు. మట్టల ఆదివారం మధ్యాహ్నం, కొట్టు నిండా జనం చేపలు తింటున్నప్పుడు, గుమ్మంలో నిలబడి రోడ్డు ఇవతలికి అరిచాడు.

"ఎవాంథియా, టీవీకి గుడ్డ కప్పేశావా?"

"సాయంత్రం కప్పుతా. నీకెందుకు?"

"అంతా ముందే అనుకుని ఆడే నాటకం. ఎవడు పడాలో ఎవడు లేవాలో వాళ్ళకు ముందే తెలుసు. దానికి నువ్వు వారం రోజులు చెవుల్లో దూది పెట్టుకుంటావు."

"వాళ్ళకు తెలుసు. నాకు తెలీదుగా."

"తెలిస్తే ఏం పోయింది?"

"క్రీస్తు లేస్తాడని నీకు తెలీదా? మరి శనివారం అర్ధరాత్రి దాకా ఆ మాట నోట రానివ్వవేం?"

కొట్టులో నవ్వులు లేచాయి. సరాందోస్ చేతిలోని గుడ్డ భుజాన వేసుకున్నాడు. అది అతను పంతానికి వచ్చాడనడానికి గుర్తు.

"పందెం," అన్నాడు. "పాస్కా లోపల నీకు తెలిసిపోతుంది. తెలిసిన రోజు నా కొట్టుకొచ్చి, అందరి ముందూ 'కుస్తీ అంతా నాటకం' అని మూడుసార్లు అనాలి."

"తెలియకపోతే?"

"నువ్వే చెప్పు."

"పాస్కా రోజు నెత్తిన వెల్డింగ్ ముసుగు పెట్టుకుని అందరికీ కాఫీలు పొయ్యాలి."

ఆమెకు తెలిసిందో లేదో ఎవరు తేలుస్తారని ఎవరూ అడగలేదు. ఆవిడే చెబుతుంది. రేవులో జనం పాతికేళ్ళుగా చిల్లర తిరిగి లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకుంటున్నది ఆవిడ చేతి నుంచే.

సోమవారం పొద్దున వెల్డర్ పండాజీస్ బడ్డీకి వచ్చాడు. తెల్లవారకముందే లేచి పోటీ చూసిన బ్యాచికి నాయకుడు అతనే. వీడియో రికార్డు చేసి, పాస్కాకి తెచ్చిచ్చేదీ అతనే. డబ్బులు కిటికీలో పెట్టి, సిగరెట్లు తీసుకుని, తల నేలకేసి పట్టుకుని వెళ్ళిపోబోయాడు. వెనకాల వచ్చినవాడూ అంతే. ఆ వెనకాలవాడు గుడ్ మార్నింగ్ కూడా చెప్పలేదు.

"ఒరేయ్ పండాజీస్, ఇలా రా."

వచ్చాడు.

"ఏంట్రా ఆ మొహాలు? అందరూ మాట్లాడుకునే వచ్చారా?"

"నీ మంచికేనక్కా. నోరు తెరిస్తే ఏదైనా జారుతుందని, ఈ వారం నీతో ఎవరూ మాట్లాడకూడదని అనుకున్నాం."

"పెరామాలో మగాళ్ళు నోరు మూసుకున్నారంటే ఎవరో పోయారని అర్థం. కిందటేడు కూడా ఇలాగే మొహాలు వేలాడేసుకుని తిరిగారు. బుధవారానికల్లా నాకు అర్థమైపోయింది. నోరు మూసుకుని నా కొంప ముంచకండి."

"మరేం చెయ్యమంటావు?"

ఎవాంథియా కిటికీలోంచి చెయ్యి చాపి అతని సిగరెట్లు వెనక్కి లాక్కుంది.

"చెప్పండి. వచ్చిన ప్రతివాడూ ఫలితం చెప్పాలి. చెప్పకుండా పోతే సిగరెట్లు లేవు. నిజమే చెప్తారో, అబద్ధమే చెప్తారో మీ ఇష్టం. ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పకూడదు."

పండాజీస్‌కి వెలగడానికి కాస్త టైం పట్టింది. వెలిగాక నవ్వాడు.

"మేస్త్రీ గెలిచాడక్కా. యువరాజుని ఎత్తి మూడో వరసలో పడేశాడు."

"ఊఁ. తర్వాత ఎవరు?"

మధ్యాహ్నానికి రేవంతా పాకింది. మేస్త్రీ గెలిచాడు, ఓడాడు, ఇద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు. యువరాజే ముసుగు వేసుకుంటే మేస్త్రీ దాన్ని తీసేశాడు. హాల్లో కరెంటు పోయింది. మేస్త్రీ ముసుగు తీస్తే లోపల ఆడమనిషి ఉంది. సలమీనా నుంచి కూరగాయలు తెచ్చే ముసలావిడ, కుస్తీ అంటే ఏంటో తెలియనిది, "మీ మేస్త్రీకి పెళ్ళి కుదిరిందటగా," అని చెప్పి మరీ అగ్గిపెట్టె కొనుక్కుని పోయింది. పంటు మీద టిక్కెట్లు కొట్టేవాడు మైకులో చెప్పాడు. ఎవాంథియా ప్రతిదీ విని, ప్రతిదానికీ "ఊఁ" అని, చిల్లర ఇచ్చింది. ఇంత మంది ఇన్ని చెబుతుంటే వాటిలో నిజం ఉన్నా అది గింజల్లో గింజ.

సరాందోస్ రోడ్డు దాటి వచ్చాడు, చేతిలో ట్రే.

"ఓడిపోయాడు. ముసుగు తీశాడు. బట్టతల."

"ఊఁ," అంది ఎవాంథియా.

మంగళవారం మళ్ళీ వచ్చాడు. "ఓడిపోయాడు. ముసుగు తీశాడు. బట్టతల."

"సరాందోస్, కూరగాయలావిడ కూడా నీకంటే నయం. కనీసం అబద్ధమైనా మార్చి చెప్పు."

"నా ఇష్టం," అని వెళ్ళిపోయాడు. బుధవారమూ అదే మాట. ఎవరూ పట్టించుకోలేదు. కాఫీలో పంచదార విషయంలో తప్ప ఇంకెందులోనూ కల్పన లేని మనిషని అందరికీ తెలుసు.

గండం గురువారం వచ్చింది. మాటలు అబద్ధాలు కావచ్చు, బొమ్మలు కాలేవు కదా. కొరింథు వైపు నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు, రేవులో ఈ ఒప్పందం గురించి తెలియనివాడు, నీళ్ళ సీసా కొంటూ ఈ గోలంతా విన్నాడు. ముసుగు లోపల ఆడమనిషని ఒకడు, పెళ్ళని ఒకడు. అతనికి తిక్క రేగింది.

"ఏం మాటలండీ ఇవి? ఆవిణ్ణి పట్టుకుని ఆడుకుంటున్నారా? అమ్మా, ఇదిగో, నేను చూపిస్తా," అని ఫోన్ తీసి, వేలితో జరిపి, కిటికీ వైపు తిప్పాడు.

వెల్డర్లు దూరంగా ఉన్నారు. ఎవాంథియా కళ్ళు మూసుకుంది, కానీ ఎంతసేపని మూసుకుంటుంది, బేరం మీద కూచున్న మనిషి. ఠంగుమని చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి కిటికీకి అడ్డంగా ఇత్తడి ట్రే ఉంది. ట్రే వెనక సరాందోస్. రోడ్డు మీద రెండు కాఫీ కప్పులు ముక్కలై ఉన్నాయి.

"జేబులో పెట్టుకోవయ్యా," అన్నాడు డ్రైవరుతో.

"నిజం చూపిస్తే తప్పా?"

"ఈ పందెం నాది. గెలిస్తే నా నోటితో గెలుస్తా, నీ ఫోన్‌తో కాదు. నీళ్ళు తాగి లారీ ఎక్కు."

డ్రైవరు ఈ ఊరికి పిచ్చి పట్టిందని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎవాంథియా కిటికీలోంచి కప్పుల ముక్కలకేసి చూసింది.

"సరాందోస్."

"ఓడిపోయాడు. ముసుగు తీశాడు. బట్టతల," అని అతను చీపురు కోసం వెళ్ళాడు.

అన్ని వైపులా కట్టిన గోడకు ఎవరూ ఊహించని చోట కన్నం పడింది. ఫాదర్ యెరాసిమోస్ దగ్గర.

ఫాదర్‌కి కుస్తీ అంటే ప్రాణం. సెమినరీలో ఉండగా దుప్పటి కింద చిన్న టీవీ పెట్టుకుని చూసేవాడట. ఆయనకున్న ఇబ్బంది ఒక్కటే. అబద్ధం ఆడలేడు. ఉద్యోగ ధర్మమని కాదు, చేతకాదు. అబద్ధం ఆడబోతే చెవులు ఎర్రబడతాయి. ఆయన ప్రతిరోజూ పొద్దున్నే బడ్డీకి వచ్చి పేపరూ పిప్పరమెంట్లూ కొనుక్కుంటాడు. ఈ వారం సోమవారం నుంచి రాలేదు. రోడ్డు దాటవలసి వస్తే, బడ్డీకి వంద గజాల అవతలే దాటుతున్నాడు.

అంతకుముందు బుధవారమే పండాజీస్ చర్చిలో పాపాలు చెప్పుకోవడానికి వెళ్ళి, చిన్నబోయిన మొహంతో తిరిగొచ్చాడు.

"సోమవారం నుంచి నీతో అబద్ధాలాడుతున్నా కదక్కా, పెద్ద వారంలో. అది చెప్పుకుందామని వెళ్ళా. 'ఫాదర్, మేస్త్రీ విషయంలో' అన్నానో లేదో, చెయ్యి అడ్డం పెట్టేశాడు. ఆ పాపం పండగయ్యాక చెప్పుకోమన్నాడు. మిగతావన్నీ విన్నాడు."

శుక్రవారం క్రీస్తు పాడెను పూలతో అలంకరించి రేవు మీదుగా ఊరేగించారు. పంటులు లైట్లు ఆర్పి కూతలు వేశాయి. ఎవాంథియా బడ్డీ ముందు కొవ్వొత్తి పట్టుకుని నిలబడింది. ఫాదర్ పాడె వెనక వస్తున్నాడు. ప్రతి ఇంటి వైపూ తల తిప్పి దీవించే మనిషి, బడ్డీ ముందుకొచ్చేసరికి సముద్రం వైపు తిరిగి దీవించాడు.

ఊరేగింపు దాటాక ఆవిడ కొవ్వొత్తి ఆర్పి, పండాజీస్‌ని పిలిచింది.

"రేపు మధ్యాహ్నం సరాందోస్ కొట్టుకెళ్ళి ఒప్పేసుకుంటా."

"ఏం ఒప్పుకుంటావు?"

"నాకు తెలిసిపోయిందని. మేస్త్రీ ఓడిపోయాడు. గెలిచి ఉంటే ఫాదర్ మొహం దాచుకోడు. ఆయనకు అబద్ధం చేతకాదు, నిజం చెప్పడానికి నోరు రావట్లేదు."

పండాజీస్ పరిస్థితి ఊహించుకోండి. జరిగింది అతనికి తెలుసు. అవునన్నా చిక్కే, కాదన్నా చిక్కే. సిగరెట్ తిరగేసి అంటించుకుని దగ్గాడు.

"తెలియడం వేరు, అనుకోవడం వేరు అక్కా," అన్నాడు చివరికి.

"పండాజీస్, నా కడుపులో ఉన్నది నాకు తెలుసు. తెలిసినట్టే ఉంది. తెలిసినట్టు ఉంటే తెలియనట్టు నటించి పందెం గెలవను. అది నిజంగానే నాటకం అవుతుంది."

"ఒప్పుకో. కాదనను. కానీ ముందు ఫాదర్‌ని అడుగు. వారమంతా పెరామా మొత్తం చేత నోరు విప్పించావు. ఆయనొక్కణ్ణి మాత్రం విప్పించకుండా ఎందుకు వదిలావు?"

ఆవిడ షట్టర్ దించేసింది.

శనివారం పొద్దున చర్చిలో మొదటి పునరుత్థానం, అర్ధరాత్రి అసలు పండగకు ముందు చేసే పూజ. ఫాదర్ బుట్ట పట్టుకుని లారెల్ ఆకులు గుప్పిళ్ళతో చల్లుతూ ఆ మూల నుంచి ఈ మూలకు పరుగులు పెడతాడు. జనం బెంచీలు దబదబ బాదుతారు. ఆ రోజు చర్చి కాస్త కాచ్ మైదానంలాగే ఉంటుంది. అది మా ఊళ్ళో ఎవరికీ తప్పుగా తోచదు. చప్పుడు తగ్గి జనం బయటికి కదిలాక, ఎవాంథియా వెళ్ళి ఫాదర్ ఎదుట నిలబడింది. ఆయన గడ్డంలో ఆకులు ఇరుక్కుని ఉన్నాయి. పక్కకు తప్పుకోబోయాడు. ఆవిడా పక్కకు జరిగింది.

"ఫాదర్, వారం నుంచి నాకు కనపడకుండా తిరుగుతున్నారు. నాకు అర్థమైంది. మేస్త్రీ..."

ఫాదర్ బుట్ట కింద పడేసి రెండు చెవులూ మూసుకున్నాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, ఆ మాట పూర్తి చెయ్యకు. నేనింకా చూడలేదు."

ఎవాంథియా వంగి బుట్ట తీసింది.

"చూడలేదా?"

"ఎప్పుడు చూడను? సోమవారం నుంచి పొద్దున ఒక పూజ, సాయంత్రం ఒక పూజ. పాస్కాకి చూద్దామని అట్టిపెట్టుకున్నా. నువ్వు చూడవూ, అలాగే." చెవుల మీది చేతులు కొంచెం సడలించాడు. "నువ్వు చెప్పనంటే తీస్తా."

"నాకేం తెలుసని చెప్పను? మరి బడ్డీకి ఎందుకు రాలేదు?"

"నీ బడ్డీకా? పెరామాలో అంతకంటే ప్రమాదమైన చోటు ఇంకోటుందా ఈ వారం? నిలబడ్డ ప్రతివాడూ ఫలితం చెబుతున్నాడట. అబద్ధాలని నువ్వంటావు. వాటిలో ఒక్కటైనా నిజం లేదని నాకు హామీ ఇస్తావా? ఆ పండాజీస్ గాడు చర్చిలోకే వచ్చి మోకాళ్ళ మీద కూచుని చెప్పబోయాడు. ఇంకొక్క మాట అని ఉంటే నా పెద్ద వారం అక్కడితో సరి."

ఎవాంథియా చర్చి మెట్ల మీద కూచుని నవ్వింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నిన్న సాయంత్రం ఫాదర్ మొహంలో ఓటమిని ఆవిడే చదువుకుంది, ఆ మొహంలో ఏమీ రాసిలేదు. తనకు ఏమీ తెలియదు. వారం మొత్తం మీద ఆవిడకు ఇంత సంతోషం కలిగించిన వార్త ఇదే.

"రేపు సాయంత్రం పూజ కాగానే సరాందోస్ కొట్టుకి రండి ఫాదర్. ఇద్దరం కలిసి చూద్దాం."

ఆదివారం సరాందోస్ కొట్టు ముందు గొర్రెపిల్ల మధ్యాహ్నానికే అయిపోయింది. ఎర్రరంగు వేసిన పండగ గుడ్లు ఒకదానితో ఒకటి కొట్టి పగలగొట్టిన పెంకులు బల్లల మీద పోగుపడ్డాయి. ఎవాంథియా టీవీని నల్లగుడ్డతో సహా వెల్డర్లు మోసుకొచ్చి కౌంటర్ మీద పెట్టారు. ఫాదర్ వచ్చాక, ఆయనా ఆవిడా ముందు కుర్చీల్లో కూచున్నారు. వెనకాల యార్డు మొత్తం. ఎవాంథియా లేచి గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో ఉంచుకుంది.

మేము ఎవరమూ టీవీ చూడలేదని ఒప్పుకోవాలి. వాళ్ళిద్దర్నే చూశాం. మేస్త్రీ ముసుగుతో వస్తుంటే ఆవిడ వెన్ను నిటారుగా లేచింది. యువరాజు అతన్ని తాళ్ళకేసి కొట్టినప్పుడు ఫాదర్ తన కుర్చీతో సహా పక్కకు ఒరిగాడు. "ఎడమ మోకాలు, ఎడమ మోకాలు చూసుకో," అని ఆవిడ గొణిగింది. మేస్త్రీ ఒకసారి లేచాడు. రెండోసారి లేచాడు. మూడోసారి రిఫరీ చెయ్యి నేలకు తగులుతుంటే భుజం సగం లేచి, ఆగిపోయింది.

పండాజీస్ ఊపిరి బిగబట్టాడు. అతనికి వారం ముందే తెలుసు, అయినా.

రింగు మధ్యలో మేస్త్రీ మోకాళ్ళ మీద కూచుని ముసుగు తీశాడు. లోపల మామూలు మనిషి. వంకర ముక్కు, అలసిపోయిన కళ్ళు, నున్నటి బట్టతల. మా యార్డులో టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాటే ఎవడైనా కావచ్చు. ఎవాంథియా లేచి నిలబడింది. చప్పట్లు కొట్టింది, ఆగకుండా, ఆ మనిషి తెర మీంచి వెళ్ళిపోయేదాకా. వెనకాల కుర్చీలు జరిగిన చప్పుడు. వెల్డర్లంతా లేచారు. ఫాదర్ అంగీ చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడావిడ మెల్లిగా కౌంటర్ వైపు తిరిగింది.

"బట్టతల," అంది.

"వీళ్ళు కాఫీ తాగుతూ చెప్పుకున్నది విని, సోమవారం నుంచి అదే చెప్తున్నా," అన్నాడు సరాందోస్. "రోజూ చెప్పా. ఒక్క అక్షరం మార్చలేదు. పందెం నాది."

కొట్టు గొల్లుమంది. ఎవాంథియా ఒక్కతే నవ్వలేదు.

"నువ్వు చెప్పావు. నాకు తెలియలేదు. పందెం తెలియడం గురించి. ఈ రేవులో నీ నోట నిజం వస్తుందని ఎవరనుకుంటారు?"

"ఫాదర్, మీరు చెప్పండి," అన్నాడు సరాందోస్.

"ఆవిడకు తెలిసుంటే ఇందాక ఎడమ మోకాలు చూసుకోమని అలా గొణగదు," అన్నాడు ఫాదర్. "ముసుగు పెట్టుకో నాయనా."

పండాజీస్ తన సొంత ముసుగు తెచ్చి అతని నెత్తిన పెట్టాడు. కప్పులు కనపడక సరాందోస్ దాన్ని నుదుటి మీదికి ఎత్తుకుని, గొణుక్కుంటూ కాఫీలు పోశాడు. ఎవాంథియా ముందు కప్పు పెడుతుంటే ఆవిడ, టీవీ గుడ్డ నిమురుకుంటూ, తనలో తాను అన్నట్టు అంది.

"నాన్న ఉంటే ఇవాళ కూడా ఒప్పుకునేవాడు కాదు. కసాయి అయితే ఇలా ఓడిపోయేవాడు కాదనేవాడు."

"ఆరోజు పిరయస్‌లో గింజలమ్మింది నేనే," అన్నాడు సరాందోస్.

ఎవాంథియా తల ఎత్తింది.

"ఏ రోజు?"

"మీ నాన్న నిన్ను ఎత్తుకుని మెట్లు దిగి పరుగెత్తిన రోజు. నా గంప తన్నేసి పోయాడు. నువ్వు భుజం మీంచి వెనక్కి చూస్తూ ఏడుస్తున్నావు."

"నువ్వు చివరిదాకా ఉన్నావా?"

"గింజలమ్మేవాడు జనం పోయాకే కదా పోతాడు."

ఎవాంథియా కప్పు ముట్టుకోలేదు. ఎదురెదురుగా ఇన్నేళ్ళు. ముసలాయన స్టూలు మీద కూచుని కసాయి అంటుంటే, ఈవిడ లోపల్నుంచి ముసుగు దొర అంటుంటే, రోడ్డుకి అవతల ఈ మనిషి గుమ్మంలో నిలబడి కప్పులు తుడుచుకుంటూ వినేవాడు.

"ఒక్కనాడు కూడా చెప్పలేదేం?"

"చెప్తే అయిపోయేది కదా," అన్నాడు సరాందోస్, ట్రే ఎత్తుకుంటూ. "ఆయన రావడం మానేసేవాడు."

ఇన్నాళ్ళూ రేవులో అందరికంటే తనే ఎక్కువ రహస్యాలు దాచిందనుకునే మనిషి, అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. అతను నోరు కదిపాడు, ఏదో అనబోయినట్టు. కళ్ళలో ఏదో మెరిసింది. నవ్వో, జాలో. ఆవిడ చటుక్కున ఒళ్ళోని గుడ్డ ఎత్తి అతని మొహానికి అడ్డం పెట్టింది.

"ఆ ముసుగు దించుకో," అంది. "నీ మొహంలో నాకు ఫలితం కనపడేట్టుంది."

సరాందోస్ ముసుగు దించుకున్నాడు. గుడ్డివాడిలా తడుముకుంటూ, ఒక్క బొట్టు ఒలకకుండా, ఫాదర్‌కి కాఫీ ఇవ్వడానికి వెళ్ళాడు.